కార్టూన్ అంటే కింద రాసిన డైలాగ్ ఒక్కటే కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలకి ఏదైనా కార్టూన్ చూపించి ఇందులో ఏం కనపడుతోందిరా అంటే టక్కున కింద ఉన్న డైలాగ్ చదివి కూర్చుంటారు, బొమ్మ వైపు చూడనే చూడరు. పిల్లల్ని అని ఏం లాభం లెండి, స్టాఫ్ రూమ్‌లో మేమూ అంతే కదా, పేపర్ తీస్తాం, కార్టూన్ కింద లైన్ చదువుతాం, నవ్వుతాం, పేజీ తిప్పేస్తాం.

ఎమర్జెన్సీ పాఠం చెప్పేటప్పుడు నేను అబూ అబ్రహం గారి కార్టూన్ చూపిస్తాను. 1975 డిసెంబర్ 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ బాత్‌టబ్‌లో ఉండే సంతకం పెట్టేసి కాగితం బయటికి అందిస్తుంటారు, ఇంకా ఆర్డినెన్సులు ఉంటే కాస్త ఆగమనండి అంటుంటారు. ఆర్డినెన్సు అంటే పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతి సంతకంతో వచ్చే చట్టం లెండి. డైలాగ్ ఒక్కటే చదివితే పాపం పెద్దాయన స్నానం చెడగొట్టారు అనిపిస్తుంది, అంతే. బొమ్మ చూడండి ఇప్పుడు. రాష్ట్రపతి అనగానే మనకి గుర్తొచ్చే దర్జా ఒక్కటీ లేదు అందులో, కుర్చీ లేదు, బల్ల లేదు, ఒంటి మీద బట్ట కూడా లేదు, ఉన్నదల్లా సంతకం పెట్టే చెయ్యి. చదవడానికి టైమ్ లేదు, కాదనడానికి వీల్లేదు. ఎమర్జెన్సీ ప్రకటన మీద ఆయన జూన్ 25 రాత్రి సంతకం పెడితే కేబినెట్‌కి మర్నాడు పొద్దున గానీ చెప్పలేదు, ఆ సంగతి తెలిశాక ఆ టబ్ ఎందుకు గీశారో పిల్లలకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక శంకర్ గారి నత్త కార్టూన్. దీని గురించే నేను అసలు రాయాలనుకున్నది. 1949లో వేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ గారు కొరడా పట్టుకుని కూర్చుని ఉంటారు, వెనకాల నెహ్రూ గారు కొరడా ఎత్తి ఉంటారు, జనం నిలబడి చూస్తుంటారు. 2006 నుంచి పదకొండో క్లాసు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉండేది, 2012 మేలో పార్లమెంటులో పెద్ద గొడవైంది, తీసేస్తామన్నారు. నెహ్రూ కొరడా నత్త మీదకేనని ఒకరు, కాదు అంబేద్కర్ మీదకేనని ఇంకొకరు. బొమ్మ దగ్గరగా పెట్టుకుని చూస్తే రెండు మాటలూ అందులోంచే వచ్చాయని తెలుస్తుంది. నత్త కింద ఉంది, పైన అంబేద్కర్ గారున్నారు, కొరడా వెనక నుంచి లేచింది, కాబట్టి నత్త దాకా వెళ్ళాలంటే చూసేవాళ్ళ కన్ను ముందు ఆయన్ని దాటాలి. 1949లో పేపర్ చదివినవాళ్ళకి రాజ్యాంగ సభ 1946 డిసెంబర్‌లో మొదలై మూడేళ్ళు కావస్తోందని, ఇంకా తేలలేదని తెలుసు, వాళ్ళ కన్ను నేరుగా నత్త మీదకి పోయింది. కొరడా అంటే ఏంటో తాతల నాటి నుంచి ఒంటి మీద తెలిసిన ఇళ్ళ పిల్లలకి ముందు కనపడేది నత్త కాదు కదండీ. వాళ్ళకి బాధ కలిగిందంటే అది బొమ్మ చదవడం రాక కాదు. కానీ పుస్తకంలోంచి తీసేస్తే ఈ చర్చంతా క్లాసులో జరక్కుండా పోయింది, అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. తర్వాత ఆ పుస్తకాల్ని పరిశీలించడానికి వేసిన థోరాట్ కమిటీ ఇంకా చాలా కార్టూన్లు తీసేయమంది, అందులో ఉన్న ఎం.ఎస్.ఎస్. పాండియన్ గారు మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు వాట్సాప్‌లో ఇంకా ఘోరం. ఎవరో కార్టూన్‌ని నాలుగు వైపులా కత్తిరించేస్తారు, తేదీ పోతుంది, గీసినాయన సంతకం పోతుంది, బొమ్మ మీద రాసిన పేర్లు కూడా పోతాయి. నత్త మీద రాజ్యాంగం అన్న మాట లేకపోతే అది ఉత్త నత్తే. అలా పోయిన దానికి కొత్త డైలాగ్ తగిలించి ఇప్పటి గొడవకి అంటించేస్తున్నారు, మా ఊరి గ్రూపుల్లో దాని మీద తిట్టుకోవడాలు కూడా అయిపోతున్నాయి.

అందుకని మీకు రెండు విన్నపాలు. ఒకటి, తేదీ, కార్టూనిస్టు పేరు ఫ్రేమ్ బయట కాకుండా బొమ్మ లోపలే పడేలా వేయండి, కత్తిరించినా పోకుండా. రెండోది, ఆదివారం అనుబంధంలో పాత కార్టూన్ ఒకటి తీసుకుని ఎవర్ని పెద్దగా గీశారు, ఎవర్ని మూలకి నెట్టారు, ఎవరు ఎటు చూస్తున్నారు, ఆ వారం దేశంలో ఏం జరిగింది అని ఓ పావు పేజీ రాయించండి. మీ కార్టూనిస్టు గారే రాస్తే మరీ మంచిది. సోమవారం ఆ పేజీ కత్తిరించి మా తొమ్మిది, పది క్లాసుల బోర్డుకి అంటించే పూచీ నాది.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
గుంటూరు జిల్లా