పెద్దవాళ్ళ కోలాటానికి పార్కులో కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వయసు పైబడినవాళ్ళ ఆరోగ్యం గురించి పత్రికలో వచ్చే వ్యాసాలన్నీ శ్రద్ధగా చదువుతాను. రోజూ అరగంట నడవమన్న సలహా వాటిలో తప్పక ఉంటుంది. నడక మంచిదే, కాదనను. అయితే మా వయసువాళ్ళున్న ఇళ్ళలో అందరికన్నా ఎక్కువ భయపెట్టేది స్నానాలగది గచ్చు. మా అక్క డెబ్బై ఒకటో ఏట అక్కడే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగినా, మళ్ళీ పడతానేమోనన్న భయంతో గది దాటి రావడమే మానేయడంతో, ఆరు నెలలు తిరిగేసరికి కాళ్ళలో మిగిలిన కాస్త సత్తువా పోయింది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని, వారిలో అరవై దాటినవారే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఈ ప్రమాదాన్ని తగ్గించే మార్గం ఉంది. వ్యాయామానికీ వృద్ధులు పడిపోవడానికీ ఉన్న సంబంధం మీద జరిగిన 108 పరిశోధనలను వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2019లో సమీక్షించినప్పుడు, ఒంటి నిలకడను పెంచే వ్యాయామాలు చేసినవాళ్ళలో పడిపోవడం సుమారు నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. నడక ఒక్కదానితో అంత మేలు జరుగుతుందని మాత్రం ఆ సమీక్ష తేల్చి చెప్పలేకపోయింది. నాట్యం మీద అప్పటికి జరిగిన పరిశోధనలు కొద్దే కాబట్టి దాని విషయంలోనూ గట్టిగా ఏమీ అనలేదు. కానీ కోలాటం ఆడినవాళ్ళెవరికైనా, ఒంటి నిలకడ లేనిదే అందులో ఒక్క కోపు (అడుగుల వరస) కూడా సాగదని తెలుసు.

నాలుగేళ్ళుగా మా వీధి రామాలయ మండపంలో వారానికి మూడు సాయంత్రాలు మేము పద్దెనిమిది మందిమి కోలాటం ఆడుతున్నాము. మాలో అందరికన్నా పెద్దావిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పక్కకు అడుగు వేయాలి, వెనక్కి వేయాలి, ఒంటికాలి మీద బరువు మోపి గిర్రున తిరిగి, ఎదురుగా వచ్చే ఉద్ది (జతగా ఆడే మనిషి) కోలకు సరిగ్గా తాళం పడేవేళకు మన కోల తగిలించాలి. లోపలి వలయంవాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి మారుతున్నప్పుడు పాట వింటూ, లెక్క తప్పకుండా, పక్కవాళ్ళ కాలు తొక్కకుండా చూసుకోవాలి. కాళ్ళూ చేతులూ కళ్ళూ చెవులూ జ్ఞాపకశక్తీ అన్నీ ఒకేసారి పనిచేయాల్సిన ఇంతటి సాధన, పార్కులో చుట్లు కొట్టే నడకలో ఎక్కడుంది?

న్యూయార్క్‌లో డెబ్బై అయిదు దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనించి డాక్టర్ జో వర్గీస్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. వారు పరిశీలించిన శారీరక వ్యాపకాలన్నిటిలో, డిమెన్షియా (జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్షీణించే జబ్బు) ముప్పు తక్కువగా ఉండటంతో సంబంధం కనిపించింది నాట్యానికి ఒక్కదానికే. అంతమాత్రాన నాట్యమే ఆ జబ్బును ఆపిందని చెప్పడం తొందరపాటు అవుతుంది. చురుగ్గా ఉన్నవాళ్ళే నాట్యానికి వెళ్ళి ఉండవచ్చు కూడా. అయినా కొత్త కోపు నేర్చుకున్న రోజు మా వాళ్ళ ముఖాల్లో కనిపించే వెలుగుకు పరిశోధన సాక్ష్యం అక్కరలేదు. భర్త పోయాక ఇంట్లో నోరు విప్పి మాట్లాడేవాళ్ళు లేక కుంగిపోయిన ఒకావిడ, ఇప్పుడు మా అందరికీ పాట అందిస్తోంది. ఒక్కరు రాకపోతే జత చెడుతుంది కనుక, రానివాళ్ళ ఇంటికి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్ళి పలకరిస్తారు.

మగవారు ఇందుకు దూరంగా ఉండటం నాకు బాధ కలిగిస్తోంది. మా చిన్నతనంలో శ్రీరామనవమికి చెక్కభజన చేసిందీ, ఊరి కోలాటం ఆడిందీ మగవాళ్ళే. ఇప్పుడు వారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

పురపాలక సంఘాలు పార్కుల్లో ఇనుప వ్యాయామ పరికరాలు పెట్టించాయి, సంతోషమే. మా పార్కులో వాటిని ఎక్కువగా వాడుకునేది కుర్రవాళ్ళు. అదే పార్కులో జారని గచ్చుతో, పైకప్పుతో, దీపాలతో ఒక చిన్న చావడి కట్టించి, ఊళ్ళో కోలాటం, చెక్కభజన తెలిసిన గురువులకు గౌరవ వేతనమిచ్చి నేర్పించమని కోరుతున్నాను. నిలబడలేనివాళ్ళు కుర్చీలో కూర్చునే కోలలు పట్టి తాళం వేసేలా నేర్పవచ్చు. మోకాళ్ళ నొప్పులు, బీపీ, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళను చేరకముందే ఆరోగ్య కార్యకర్త పరీక్షించాలి. 65 ఏళ్ళు దాటినవారు ఒంటి నిలకడకూ కండబలానికీ సంబంధించిన వ్యాయామాలు వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మన దేశంలో 2010-11 నుంచి వృద్ధుల కోసం జాతీయ ఆరోగ్య కార్యక్రమం అమలులో ఉంది. ఆ మూడు రోజుల కోలాటాన్ని అందులోనే చేర్చడానికి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఆలోచించాలి. ముందుగా ఊరికొక పార్కులో మొదలుపెట్టినా చాలు. నేర్పడానికి మా బృందం ఏ జీతమూ లేకుండా వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి