బాడీబిల్డింగ్ పోటీల తేదీ నాలుగు నెలల ముందు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా మహబూబ్‌నగర్‌లో బాడీబిల్డింగ్ పోటీ ఉందని నాకు ఎప్పుడూ ఫ్లెక్సీ కట్టాకే తెలుస్తుంది, అప్పటికి గట్టిగా ఇరవై రోజులు కూడా ఉండవు. స్టెరాయిడ్ సూదులు వాడని మాలాంటోళ్లకు అది ఏ మూలకూ చాలదు. నా లెక్కే చూడండి. ఇప్పుడు 78 కిలోలున్నాను, స్టేజీ మీదికి 70కి రావాలి, కండ పోకుండా కొవ్వే కరగాలంటే వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం, అంటే 400 నుంచి 800 గ్రాములే తగ్గాలి, అట్లయితే పది నుంచి ఇరవై వారాలు పడుతుంది. టైం లేక, టెన్షన్‌లో పిల్లగాళ్లు సూదుల దిక్కు పోతున్నరు. స్టెరాయిడ్లతో గుండె, కాలేయం దెబ్బతింటాయని, వృషణాలు చిన్నవైపోతాయని వాళ్లకు చెప్పేదెవరు?

మూడేళ్ల కింద నాకూ ఒకాయన "రెండు రోజులు నీళ్లు బంద్ చెయ్, నరాలు తేలుతయ్" అంటే నమ్మిన. కండలో నాలుగింట మూడు వంతులు నీళ్లే కదా, అవి మానేస్తే కండ సప్పబడుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు స్టేజీ ఎక్కకముందే కళ్లు తిరిగి కూలబడ్డాను.

డబ్బా పౌడర్ లేకుండా కుదరదనేది కూడా ఉత్తమాటే. కిలో బరువుకు రెండు గ్రాముల లోపు ప్రోటీన్ అయితే నాకు రోజుకు 150 గ్రాములు చాలు: ఆరు గుడ్లు, పావుకిలో బోన్‌లెస్ చికెన్, 50 గ్రాముల మీల్ మేకర్ కలిపితే 120 దాకా వస్తుంది, మిగతాది పప్పు, పెరుగు, జొన్నరొట్టెలు చూసుకుంటాయి. పల్లీల దగ్గర మాత్రం జాగ్రత్త, మన పాలమూరోళ్లకు పిడికెడుతో ఆగే అలవాటు లేదు, 100 గ్రాములకు ప్రోటీన్ 25 గ్రాములే కానీ క్యాలరీలు 560 దాటుతాయి. ఇంకోటి, పోటీ దగ్గరపడితే చిన్న బరువులే ఎక్కువసార్లు ఎత్తాలంటారు మా జిమ్‌లో. కండను నిలబెట్టేదే పెద్ద బరువు, దాన్నే వదిలేస్తే ఎట్ల?

గెలిచిన ముగ్గురికైనా స్టెరాయిడ్లను పట్టుకునే మూత్ర పరీక్ష చేయించాలని నా కోరిక, ఖర్చుతో కూడిన పనని తెలుసు. తేదీ చెప్పడానికి మాత్రం పైసా ఖర్చు లేదు కదా. దసరా తర్వాత పోటీ పెట్టేటట్టుంటే ఆ ఫ్లెక్సీ ఏదో ఎండాకాలం పోకముందే కట్టండి సారూ.

ఇట్లు,
మీ పాఠకుడు, మహబూబ్‌నగర్