ఇల్లు మారాం

రవీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలయింది. ఇంత ఆలస్యం చేసినందుకు కోపగించుకోకు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బాగుంది. చిన్నదానికి మాటలొచ్చాయి. ఊరగాయ అందిందని చెల్లెమ్మకు చెప్పు. ఇంక అసలు సంగతి! మూడు రోజులుగా ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది.

లిస్ప్ యంత్రాల గురించి కిందటిసారి రాశాను కదా. అదే, జాబితాలతో పని చేసే లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసమే కట్టిన కంప్యూటర్లు. జాబితాలను వేగంగా నడపడానికే 1970లలో ఎంఐటీలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్, టామ్ నైట్ ఒక ప్రాసెసర్ కట్టారు. పేరు కాన్స్. దాని తరువాతి యంత్రం పేరు కాడర్. లిస్ప్‌లో కాడర్ అంటే జాబితాలో రెండోది! అర్ధరాత్రి ఒక్కణ్ణే పగలబడి నవ్వాను.

ఆ కాడర్ పద్ధతినే నా ఎఫ్‌పీజీఏ బోర్డు మీద, అంటే మనకు కావలసిన సర్క్యూటును మనమే అమర్చుకోగల చిప్ ఉన్న బోర్డు మీద, కడుతున్నాను. మామూలుగా జాబితాలోని ఒక్కో సరుకుకు మెమరీలో రెండు గళ్లు కావాలి. ఒకదాంట్లో సరుకు, రెండోదాంట్లో తరువాతి సరుకు చిరునామా. వంద సరుకులకు రెండు వందల గళ్లు. కానీ తరువాతిది చాలాసార్లు పక్కిల్లే కదా, దానికి పూర్తి చిరునామా ఎందుకు? అందుకని 32 బిట్ల గడిలో రెండే రెండు బిట్లు విడిగా ఉంచారు. 'పక్కిల్లే', 'ఇదే చివరిది', 'చిరునామా తరువాతి గడిలో ఉంది' - ఈ మూడింటిలో ఏదో ఒకటి అవి చెబుతాయి. అలా వరుసగా పేర్చిన జాబితాలో వంద సరుకులకు వంద గళ్లే! ఎంత పొదుపో చూడు.

ఇక్కడే ఇరుక్కున్నాను. అ, ఆ, ఇ, ఈ అని పేర్చి, 'ఆ' తరువాత ఇ, ఈ బదులు వేరే తోక తగిలించమన్నాను. చిరునామా రాయడానికి చోటేదీ? బోర్డు తిన్నగా పక్కింట్లో ఉన్న 'ఇ' మీద రాసేసింది. అక్కడి నుంచే మొదలయ్యే ఇంకో జాబితా కూడా పాడైంది. మూడు రాత్రులు నిద్ర లేదు.

అప్పుడు గుర్తొచ్చారు బ్రాడీపేట తాతగారు! మనం మేడ మీది గది ఖాళీ చేశాక ఆయన తలుపు మీద బొగ్గుతో ఏం రాశారు? 'మహారాజులు పదో అడ్డరోడ్డుకు తరలారు.' పోస్టుమాన్ అది చూసి నేరుగా మన దగ్గరికే వచ్చేవాడు. కాడర్‌లోనూ అదే ఉపాయమని అప్పుడు వెలిగింది. 'ఆ'ను రెండు గళ్లున్న కొత్త చోటికి మార్చి, పాత గడిలో 'ఇల్లు మారాం' అనే గుర్తు, కొత్త చిరునామా పెట్టాలి. పాత చిరునామాతో ఎవరొచ్చినా కొత్త ఇంటికే చేరతారు. ఇది ప్రోగ్రాము చూసుకోవాలంటే చదివిన ప్రతిసారీ ఆగి అడగాలి. అందుకే మెమరీ నుంచి గడి బయటికి వస్తుండగానే గుర్తు చూసే సర్క్యూటు పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి తెర మీద అ, ఆ, ఆ వెనకాల కొత్త తోక! 'ఇ', 'ఈ' చెక్కుచెదరలేదు. 'మహారాజులు తరలారు!' అని గట్టిగా అరిచాను. అమ్మ లేచి వచ్చింది.

1980ల చివరికి మామూలు కంప్యూటర్లే చవగ్గా, వేగంగా వచ్చేసి ఈ యంత్రాల బజారు కూలిపోయిందట. ఇంత అందంగా కట్టినవాళ్లకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే... పోనీలే, నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకొకటి, ఆ బొగ్గు రాతలు పేరుకుపోకుండా ఎప్పటికప్పుడు తుడిచే దారీ ఉంది. మెమరీలో చెత్త, అంటే ఇక ఎవరికీ అక్కర్లేని గళ్లు, ఏరేటప్పుడు జాబితాను కొత్త చోటికి నకలు చేస్తారు కదా, అప్పుడు... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది. మిగతాది రేపు రాస్తాను.

నీ
మహారాజు