అల లేని చోట దిగకండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది బరంపురం, 1936లో గంజాం ఒడిశాలో కలిసినా మా ఇంట్లో ఇప్పటికీ తెలుగే, పొద్దున్నే టీతో పాటు మీ పేపరే. మొన్న ఎండాకాలం సెలవుల్లో వైజాగ్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు, రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడు, కారు పైన బోర్డు కట్టుకుని మరీ దిగాడు. ఇంకేముంది, పులిహోర కట్టించుకుని అందరం గోపాలపూర్, మా ఊరి నుంచి పదహారు కిలోమీటర్లే కదా.

లైట్‌హౌస్ దాటి జనం తక్కువున్న వైపుకి వెళ్లాం, అంతా ఇసక దిబ్బలు, వెనక సరుగుడు తోట, దిబ్బల మీద ఊదా పూల బాలబండి తీగ అల్లుకుని ఉంది. ఒకచోట అటూ ఇటూ అలలు విరుగుతూ తెల్లగా నురగ, మధ్యలో మాత్రం చెరువులా నిమ్మళంగా నీళ్లు. పిల్లలకి ఇదే బాగుంటుందని మా ఆవిడ చెప్పులు విప్పేసింది కూడా. అప్పుడే తెప్ప పక్కన వల బాగుచేసుకుంటున్న ఓ ముసలాయన, ఇక్కడ నోలియాలంటారు, మన తెలుగువాళ్లే, కేకేశాడు: "ఏటి బావూ, నీరు నిద్దరోతన్నాదనుకున్నావా, ఆడ దిగీకు, లోనికి లాగీస్తాది!"

మేనల్లుడు మమ్మల్ని దిబ్బ ఎక్కించి చూపించాడు. పైనుంచి చూస్తే తెల్ల నురగల మధ్య ముదురు రంగు దారి ఒకటి సముద్రంలోకి పోతోంది. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ తిరిగి వెళ్లేది ఆ సందులోంచే అట, అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. బోర్డున్నవాళ్లకి అది లిఫ్ట్ లాంటిది, కావాలనే దాంట్లో ఎక్కి లోపలికి పోతారు, ఈత రానివాడికి మాత్రం యముడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీది అలిసిపోకూడదు, తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి, ఈత వస్తే ఒడ్డు వెంబడే పక్కకి ఈది నురగ ఉన్నచోటి నుంచి బయటకి రావాలి. యాభై ఏళ్లుగా ఆ సముద్రం చూస్తున్నా, సిగ్గు విడిచి చెప్తున్నా, నాకీ సంగతి ఆరోజే తెలిసింది.

మేం దిగిన చోట హెచ్చరిక అన్నదే లేదు. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్లకి ఒడియా చదవడం ఎలాగూ రాదు కాబట్టి తెలుగులో కూడా ఒక బోర్డు, పక్కన ఆ ముదురు రంగు దారి బొమ్మ పెట్టండి చాలు. ఏరోజు ఎక్కడ లాగుతోందో, ఇసక కదిలినప్పుడల్లా దారి ఎలా మారుతుందో నోలియాలకి తెలిసినంత ఎవరికీ తెలీదు, సెలవు రోజుల్లో ఇద్దరికి కూలి ఇచ్చి ఎర్రజెండా పాతించొచ్చు కదా.

ఇంకో మాట. మేం దిబ్బ మీద ఉండగానే నలుగురు కుర్రాళ్లు బైకులేసుకుని ఆ తీగ మీదుగానే రయ్యిమని పోయారు. ఆ తీగే ఇసకని పట్టి ఉంచేది, అది తెగితే గాలికి దిబ్బ కరిగిపోతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది, ఆ రాత్రి హోరు విన్నవాణ్ని, ఆ బైకులు చూస్తే ఒళ్లు మండింది.

ముసలాయనకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు, పులిహోర మాత్రం తిన్నాడు, కారం తక్కువైందన్నాడు. దసరాకి మళ్లీ వెళ్తాం, బోర్డు పెట్టారో లేదో చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా