నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి వెళ్లే వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. బట్టలు సర్దుకోవడం తర్వాత, ముందు ఆరోగ్యం సంగతి చూసుకోండి. పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తు, ముక్తినాథ్ 3,700 దాటుతుంది. అక్కడ గాలి పలచన. ఒంటికి ఆ ఎత్తు అలవాటు కావాలనే దారిలో జోమ్‌సోమ్ ఊళ్లో ఒక రాత్రి ఆగుతున్నాం, దయచేసి "టైమ్ వేస్ట్" అనకండి.

పోయినసారి మా పెద్దమ్మ తలనొప్పిని దాచిపెట్టింది, అందరికీ ఇబ్బంది అవుతుందని. గుడి మెట్ల దగ్గర వాంతి చేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. వెంటనే కిందికి దించాం, సాయంత్రానికి తేరుకుంది. తలనొప్పి, వికారం, తూలు వస్తే సిగ్గుపడకుండా చెప్పండి. పైకి ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే దిగిపోవాలి. దర్శనం మళ్లీ చేసుకోవచ్చు.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు గుడి దగ్గరున్న 108 నీటి ధారల కింద స్నానం చేయొద్దు, ఆ నీళ్లు మంచులా ఉంటాయి. నెత్తిన చల్లుకోండి, చాలు. వెళ్లేముందు మీ డాక్టర్‌ని తప్పకుండా కలవండి. డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) కూడా ఆయన చెబితేనే. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో పెట్టుకోండి.

ఎవరికి ఏ జబ్బు ఉందో, ఏ మందులు వాడుతున్నారో నాకు విడిగా మెసేజ్ పెట్టండి.