బెఫానా నెత్తిన కోసు టోపీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పేజీల్లో ఇటలీ బెఫానా కథ వేసినప్పుడల్లా ఆమె నెత్తిన కోసు టోపీ, పక్కన నల్లపిల్లి కనిపిస్తున్నాయి. అవి మంత్రగత్తె గుర్తులు, ఆమెవి కావు. ఇంటింటా పిల్లలకు కానుకలు పంచే బెఫానా పల్లెటూరి ముసలమ్మ. గడ్డం కింద ముడేసిన తలగుడ్డ, భుజాల మీద శాలువా, అతుకుల గౌను, చేతిలో పుల్లల చీపురు. పొగగొట్టంలోంచి దిగుతుంది కనుక ముఖమంతా మసి. అక్కడి పిల్లలు పాడుకునే పాటలోనే ఆమె బూట్లు చిరిగిపోయినవని ఉంది.

ఆమె ఇలా ఎందుకు తిరుగుతోందో చెప్పే కథ చిన్నది. బాలయేసును వెతుకుతూ తూర్పు దేశపు జ్ఞానులు ఆమె తలుపు తట్టి దారి అడుగుతారు, తమతో రమ్మంటారు. ఇల్లు ఊడ్చుకోవాలి, రాలేనంటుంది. వాళ్లు వెళ్లాక మనసు పీకుతుంది. బుట్టనిండా మిఠాయిలు పెట్టుకుని బయల్దేరుతుంది, కానీ వాళ్లను అందుకోలేదు. బిడ్డ ఏ ఇంట ఉన్నాడో తెలియక ఇంటింటా కానుక వదిలి వెళుతుంది. జనవరి 5 రాత్రి అక్కడి పిల్లలు మేజోళ్లు వేలాడదీసేది అందుకే. చివర్లో బిడ్డ దొరికినట్టు రాస్తే కథే చెడుతుంది. దొరికాక ఏటేటా తిరగాల్సిన పనేముంది?

దీన్ని పుస్తకంగా వేసేవారికి 32 పేజీలు, అంటే 16 పేజీలు పట్టే అచ్చు కాగితాలు (ఫారాలు) రెండు, సరిపోతాయి. టైటిల్, ప్రచురణ వివరాలు పోను 13 లేదా 14 జతపేజీలు (ఎదురెదురు పేజీల జతలు) మిగులుతాయి. జతకు 40 మాటలు దాటకూడదు. తలుపు తట్టిన చప్పుడు కుడిపేజీలో రావాలి, తిప్పగానే తలుపు తెరుచుకోవాలి. వెతుకులాటకు కనీసం నాలుగు జతలు కావాలి. ఒక్కదాంట్లో ఇరికిస్తే ఆమె బాధ పిల్లలకు అందదు. ముఖాలు మధ్య మడతలో పడకుండా చూసుకోవాలి.

అసలు చిక్కు రాత్రి దృశ్యాలతో. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు వేస్తే, అచ్చులో వాడే నాలుగు రంగుల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా మన వత్తులు, గుడుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు అది పెద్ద అడ్డంకి. మంచు మీదో, వెలుగున్న కిటికీ మీదో నల్ల అక్షరాలు వేయడం మేలు. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ధారాళంగా వదలాలి.

అల్లరి పిల్లలకు బెఫానా మేజోళ్లలో బొగ్గు పెడుతుందంటారు. ఇప్పుడది చాలావరకు చక్కెర బొగ్గే. సుమారు 140 డిగ్రీలకు కాచిన పాకంలో, గుడ్డు తెల్లసొన, పొడి చక్కెర, నల్లరంగు కలిపి గిలక్కొట్టిన మిశ్రమం వేస్తే బుసబుసా పొంగుతుంది. లోతైన గిన్నె లేకపోతే పొర్లిపోతుంది. పాకం సరిగా ముదరకపోతే గట్టిపడక జిగురుగా ఉండిపోతుంది. ఆ పొంగు వల్లే ముక్కనిండా బెజ్జాలు. కాబట్టి బొమ్మలో దాన్ని నున్నగా, మెరిసేలా వేయకండి.

జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ జనవరి 6న. 1977లో ఇటలీ ఆ సెలవును తీసేసింది, 1985 చివర్లో తిరిగి ఇచ్చింది. మార్కె ప్రాంతంలోని ఉర్బానియాలో ఏటా ఆమె పేర పెద్ద ఉత్సవం జరుగుతుంది. ఈ కథ మళ్లీ వేసేటప్పుడు ఆ ఉత్సవం ఫొటోలను చిత్రకారులకు ముందే అందించండి.

— బొమ్మల పుస్తకాల పాఠకురాలు