పంట రుణానికి ఉన్న వెసులుబాటు కెమెరా రుణానికి ఎందుకు లేదు?

సంపాదకులకు,

ఏటా ఆగస్టు 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం పేరిట, మా ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల సంఘాలవారు ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన లూయీ డాగురె చిత్రపటానికి పూలమాల వేసి, ప్రభుత్వాసుపత్రిలో రోగులకు పండ్లు పంచిపెడతారు. మరునాడు జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా స్టూడియో నడుపుతున్నవాడిగా ఆ ఫొటోల్లో నేనూ ఒక మూల కనిపిస్తుంటాను. ఆ సభలకు వచ్చే అతిథులు యువకులు ఈ వృత్తిని స్వయం ఉపాధిగా ఎంచుకోవాలని, బ్యాంకులు రుణాలిచ్చేందుకు సిద్ధంగా ఉన్నాయని చెప్పి వెళ్తారు. రుణాలున్న మాట నిజమే. వాటిని తీర్చమనే పద్ధతికి, ఈ వృత్తిలో డబ్బు చేతికొచ్చే పద్ధతికి మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఆ సంగతి అధికారుల దృష్టికి తేవడానికి, దాంతోపాటు కొత్తగా స్టూడియో పెట్టబోయేవారికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మా స్టూడియోలో మూడేళ్లు పని నేర్చుకున్న ఒక అబ్బాయి 2023 చివర్లో సొంతంగా నిలబడదామని ముద్ర పథకం కింద నాలుగున్నర లక్షల రుణం తీసుకున్నాడు. మిర్రర్‌లెస్ కెమెరా, 24-70 లెన్సు, 70-200 లెన్సు, రెండు ఫ్లాష్‌లు కొన్నాడు. నెలకు 9,800 రూపాయల కంతు. 2024 మాఘ, ఫాల్గుణాల్లో తెల్లవారుజాము ముహూర్తాలకు కూడా పరుగెత్తి మూడు కంతులు సునాయాసంగా కట్టాడు. ఏప్రిల్ ఆఖరున మౌఢ్యం మొదలై జులై మొదటి వారం దాకా సాగింది. అది పూర్తవుతుండగానే ఆషాఢం వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో శ్రావణం ప్రవేశించేదాకా, అంటే దాదాపు వంద రోజులు, మా ప్రాంతంలో పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు. పుట్టినరోజులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు దుకాణం అద్దెకే చాలలేదు. కంతు తప్పిన ప్రతిసారీ చెక్కు తిరిగొచ్చిన రుసుము అదనం. చివరికి 70-200 లెన్సును కొన్న ధరలో సగానికి కాస్త ఎక్కువకు అమ్ముకున్నాడు. శ్రావణంలో మళ్లీ ఆర్డర్లు వచ్చినప్పుడు అచ్చం అలాంటి లెన్సునే రోజువారీ అద్దెకు తెచ్చుకుని ముహూర్తాలు గట్టెక్కించడం నేను కళ్లారా చూశాను.

ఇందులో ఆ అబ్బాయి బద్ధకం లేదు, బ్యాంకువారి దురుద్దేశమూ లేదు. తొంభై రోజులు దాటి బకాయిపడిన ఖాతాను మొండి బాకీగా లెక్కకట్టాలన్నది బ్యాంకులకున్న నియమం. మే 5న కట్టవలసిన కంతు ఆగస్టు 5 నాటికి 92 రోజుల బకాయి అవుతుంది. మౌఢ్యం, ఆషాఢం కలిసి వచ్చిన ఏడాది మా వృత్తిలో కొత్తగా అడుగుపెట్టినవాడు ఏ తప్పూ చేయకుండానే మొండి బాకీదారుల జాబితాకెక్కుతాడన్నమాట. ఆ మరక ఒకసారి పడితే క్రెడిట్ స్కోరు పడిపోయి తర్వాత మోటారు సైకిలుకు కూడా అప్పు పుట్టదు. అదే పంట రుణమైతే, చేతికొచ్చే కాలాన్ని బట్టే తీర్చే గడువు పెడతారు; స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు బకాయిపడితే గాని మొండి బాకీ అనరు. రైతు ఆదాయం నెలనెలా రాదని గుర్తించి చేసిన ఏర్పాటు అది, సబబైనదే. మా ఆదాయం కూడా నెలనెలా రాదు. పైగా వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు గాని, ముహూర్తాలు ఎప్పుడున్నాయో ఉగాదికి కొన్న పంచాంగంలోనే అచ్చయి ఉంటాయి. 2025 నవంబరు ఆఖరు నుంచి 2026 ఫిబ్రవరి మధ్య వరకు మళ్లీ మౌఢ్యం పడి, పెళ్లిళ్లకు పెట్టింది పేరైన మాఘమాసమంతా చప్పగా పోతుందన్న సంగతి మాకు ఎన్నో నెలల ముందే తెలుసు. అది తెలియనిది రుణం మంజూరు చేసే కంప్యూటరుకే.

నేను కోరేది మాఫీ కాదు, వడ్డీ తగ్గింపూ కాదు. ఏడాదికి రావలసిన మొత్తం అదే ఉంచి, ముహూర్తాలున్న నెలల్లో పెద్ద కంతులు, లేని నెలల్లో వడ్డీ మాత్రమే కట్టించుకునేలా ఒప్పందం రాస్తే చాలు. ఆదాయం తీరును బట్టి వాయిదాలు నిర్ణయించడం బ్యాంకులకు కొత్త కాదు. అయితే శాఖ మేనేజరు ఒక్కడే ఆ పని తలకెత్తుకోడు. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి ఒక మాట అనుకుని కింది శాఖలకు సూచన పంపితే ఈ వెసులుబాటు మాకే కాదు, ఫంక్షన్ హాలు అలంకరణ, బ్యాండు మేళం, వంటలు, టెంట్ హౌస్‌ల మీద బతికేవారందరికీ అందుతుంది.

ఇప్పుడున్న పథకాల విషయానికొస్తే, వాటి వివరాలు పూర్తిగా తెలియక నష్టపోతున్నవారే ఎక్కువ. ముద్రలో శిశు రకం 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా, తాకట్టు లేకుండా ఇస్తారు. కానీ అందులో రాయితీ లేదు. రాయితీ కావాలంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమానికి దరఖాస్తు చేసుకోవాలి. అందులో సేవా రంగానికి ప్రాజెక్టు పరిమితి 20 లక్షలు. పల్లెలో స్టూడియో పెట్టే మహిళకు, అలాగే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలవారికి, 35 శాతం రాయితీ ఉంది. వారు సొంతంగా పెట్టవలసింది 5 శాతమే. నాలుగు లక్షల ప్రాజెక్టుకు లక్షా నలభై వేలు రాయితీ, 20 వేలు సొంత సొమ్ము అన్నమాట. పట్టణంలోనైతే ఆ వర్గాలకు రాయితీ 25 శాతం. జనరల్ వర్గానికి పల్లెలో 25, పట్టణంలో 15 శాతం. అయితే రాయితీ సొమ్ము వెంటనే చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, స్టూడియో నడుస్తోందని తనిఖీలో తేలాక రుణంలో జమవుతుంది. ఆ మూడేళ్లలో మౌఢ్యం దెబ్బకు దుకాణం మూసినవాడికి రాయితీ కూడా చేజారే ప్రమాదముంది కాబట్టే, కంతుల సంగతిని నేను ఇంతగా పట్టుకుని కూర్చున్నాను.

చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి కూడా చెల్లించనక్కర్లేదు. ఆధార్ నంబరుతో ప్రభుత్వ పోర్టల్‌లో మనమే చేసుకోవచ్చు. ఫొటోగ్రఫీకి వర్తించే వర్గీకరణ సంఖ్య 7420. వెయ్యి, పదిహేను వందలు తీసుకుని ఈ సర్టిఫికెట్ తీసిచ్చేవారి మాట నమ్మవద్దని మా దగ్గరికొచ్చే పిల్లలకు చెబుతుంటాను. ఈవెంట్ కంపెనీలకు సబ్ కాంట్రాక్టు కింద షూట్ చేసేవారికి ఈ కాగితం విలువ మరీ ఎక్కువ. ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థకు 45 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఆ సంస్థల మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఇక జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి.

శిక్షణకు మన జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా ఇది. భోజనం, వసతితో ఉచితంగా నెల రోజులు ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ నేర్పుతారు. అక్కడ నేర్చుకున్న ఇద్దరు నా దగ్గర పనిచేశారు. ఎక్స్‌పోజరు, లైటింగు చక్కగా వచ్చు. మెమరీ కార్డు జాగ్రత్త మాత్రం రాదు.

దాని విలువ నాకు తెలిసిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. డిజిటల్‌కు మారిన తొలి రోజుల్లో, ఒకే కార్డు పట్టే కెమెరాతో ఒక పెళ్లి తీశాను. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ అందులోనే ఉన్నాయి. స్టూడియోకు వచ్చి కార్డు పెడితే కంప్యూటరు ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగింది. మర్నాడు తొలి బస్సుకు హైదరాబాద్ కోఠికి పరుగెత్తి డేటా తీయిస్తే సగానికి తక్కువ ఫొటోలు దక్కాయి, తలంబ్రాలు దక్కలేదు. అమ్మాయి తండ్రి తిడితే కొంత తేలికపడేవాణ్ని. ఆయన ఏమీ అనకుండా బల్ల మీది కార్డును తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయారు. అప్పటి నుంచి రెండు కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరా తప్ప ముహూర్తానికి వాడలేదు. ఆ రాత్రే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో పెట్టాకే నిద్రపోతాను. లక్షన్నర పెట్టి లెన్సు కొనేవాడు అయిదారు వేల డిస్కు దగ్గర వెనకాడటం నాకిప్పటికీ అంతుబట్టదు.

పరికరాల ఎంపికలో కూడా బ్యాంకు పద్ధతి కొత్తవాడిని తప్పుదారి పట్టిస్తోంది. డీలరు ఇచ్చిన కొటేషన్ మీదే రుణం కాబట్టి అన్నీ కొత్తవే, ఒకేసారి కొనాల్సి వస్తోంది. నా అనుభవంలో తొలి ఏడాదికి రెండు కార్డుల కెమెరా, ఒక 50 ఎంఎం లెన్సు, ఒక మామూలు జూమ్, రెండు ఫ్లాష్‌లు చాలు. మిగిలినవి ఆర్డరు వచ్చినప్పుడు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఎడిటింగుకు చందా కట్టే సాఫ్ట్‌వేర్లే అవసరమని అనుకోనక్కర్లేదు. డార్క్‌టేబుల్, గింప్ పూర్తిగా ఉచితం, వీడియోకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపమే పెళ్లి వీడియోకు సరిపోతుంది. ఆల్బమ్ డిజైనింగుకు మాత్రం ఎక్కువగా ఫొటోషాప్‌నే వాడతారు కనుక, తొలి రోజుల్లో ఆ పని బయట షీటుకింత అని ఇచ్చి చేయించుకోవడమే మేలు. డ్రోను విషయంలో తొందర అసలే వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోనును వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్నవారిని ఆ పూటకు పిలిపించుకోవడం చవక, నిశ్చింత.

అన్నింటికన్నా చౌకైన పరికరం ఒక పేజీ ఒప్పంద పత్రం. అది తెలుగులో ఉండాలి, ఇరువైపులా సంతకాలుండాలి. బయానా ఎంత, ఎన్ని గంటలు, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, మిగతా డబ్బు ఎప్పుడు అన్నవి రాసుకోకపోవడం వల్ల నా బీరువాలో ఇప్పటికీ పేజీల మీదే ఫొటోలు ముద్రించిన ఏడు కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌లు పడివున్నాయి. వాటిలో ఒక ఆల్బమ్ పెళ్లికూతురు మొన్న తన కొడుకును బడిలో చేర్పించేందుకు పాస్‌పోర్టు ఫొటో తీయించడానికి వచ్చి, ‘అన్నా, మా ఆల్బమ్ ఇంకా ఉందా’ అని అడిగింది. దాన్ని అచ్చువేసిన ల్యాబుకు డబ్బు కట్టింది మాత్రం నేనే. ఇంకొక మాట చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని ఎవరి కోసమైతే ఫొటో తీశామో, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు వాళ్లే, మనం కాదు. ఆ పెళ్లి ఫొటోలను మన ప్రచారానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే ఆ పేజీలోనే ఒక వాక్యం రాయించుకుని తీరాలి. శిక్షణ సంస్థలవారు నెల రోజుల్లో ఒక్క పూట ఈ పత్రానికి, ఒక్క పూట డేటా భద్రతకు కేటాయిస్తే ఆ సర్టిఫికెట్ విలువ పెరుగుతుంది.

బీమా గురించి కూడా చెప్పాలి. రుణంతోపాటు చేయించే పాలసీ దుకాణంలోని సామానుకే వర్తిస్తుందా, పెళ్లికి తీసుకెళ్లే కెమెరాకు కూడా వర్తిస్తుందా అని సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోవాలి. మా సామాను దొంగతనం జరిగేది ఎక్కువగా ఫంక్షన్ హాళ్లలోనే. రాత్రి రెండింటికి ఒక పెళ్లి ముగించుకుని తెల్లవారుజామున ఇంకో ఊరి ముహూర్తానికి బైకు మీద వెళ్లే పిల్లలు మా వృత్తిలో ఎందరో ఉన్నారు. ప్రమాదం జరిగితే సంఘంవారు చందాలు పోగుచేయడమే ఇప్పటిదాకా ఆసరా. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమాలో రెండు లక్షల ప్రమాద రక్షణ ఉంది. మా సంఘం సభ్యత్వ రుసుములోనే ఆ 20 రూపాయలు కలపాలని మొన్నటి సమావేశంలో ప్రతిపాదించాను, ఒప్పుకున్నారు.

అదే సమావేశంలో మరొకటి కూడా తీర్మానించుకున్నాం. ఈసారి ఆగస్టు 19 సభకు జిల్లాలోని బ్యాంకులను సమన్వయపరిచే లీడ్ బ్యాంక్ మేనేజరు గారిని ఆహ్వానిస్తున్నాం. శాలువాతోపాటు ఆయనకు ఈ ఏడాది పంచాంగం ఒకటి ఇస్తాం. ముహూర్తాలు లేని నెలల పేజీలకు ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి ఉంచాం.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో నిర్వాహకుడు,
జనగామ